ఆ మణికట్టు కాస్త ఇలా ఇవ్వు చెల్లీ

చెల్లీ, ఒళ్ళు మండేలా ఎవరైనా ఓ మాట అన్నప్పుడు నీ చేతులు ఏం చేస్తాయో ఎప్పుడైనా గమనించావా? ఒకరు కణతలు పట్టుకుంటారు. ఇంకొకరు కనుబొమల మధ్య రాసుకుంటారు. మా మేనత్త అయితే ఏ చెడ్డ కబురు విన్నా ముందు గుండె మీద చెయ్యి వేసుకుని రుద్దుకునేది, ఆ తరవాతే నోరు విప్పేది. ఆవిడకి ఎవరూ నేర్పలేదు. చైనా వైద్యం బొమ్మలు చూస్తే సరిగ్గా ఆ చోట్లలోనే చుక్కలు పెట్టి పేర్లు రాసి ఉంటాయి. కనుబొమల మధ్యది యిన్‌టాంగ్, రొమ్ము ఎముక మధ్యలోది షాన్‌జోంగ్. ఆక్యుప్రెషర్ అన్న పేరు విని బెదరక్కర్లేదు. ఆక్యుపంక్చర్‌లో సూది గుచ్చే చోటునే వేలితో నొక్కడం, అంతే.

యిన్‌టాంగ్ అంటే మనం బొట్టు పెట్టుకునే చోటే. ఈ ఒక్క ముక్క పట్టుకుని "అందుకే బొట్టు, అందుకే గాజులు, అందుకే మెట్టెలు, మన పెద్దలకి అన్నీ ముందే తెలుసు" అంటూ వాట్సాప్‌లో రోజూ తిరుగుతుంటాయి. నాకా వరస నచ్చదు. ఇష్టమైతే బొట్టు పెట్టుకుందాం, దానికి డాక్టరు సర్టిఫికెట్ దేనికి?

సరే, అసలు సంగతికి వస్తాను. అన్నిట్లోకీ అక్కరకొచ్చేది మణికట్టు దగ్గరిది. ఎడమ చెయ్యి వెల్లకిలా పెట్టు. మణికట్టు దగ్గర అడ్డంగా గీత ఉంది కదా, దానికి ఆనించి కుడిచేతి మూడు వేళ్ళు అడ్డంగా వెయ్యి. ఉంగరపు వేలు గీత పక్కన ఉండాలి, చూపుడువేలు మోచేతి వైపుకి రావాలి. ఇప్పుడు గుప్పిట బిగించి చెయ్యి కొద్దిగా లోపలికి వంచితే మధ్యలో రెండు నరాలు పైకి తేలతాయి. మనం నరాలంటాం గానీ అవి కండరాన్ని ఎముకకి కట్టి ఉంచే స్నాయువులు. చూపుడువేలి దగ్గర, ఆ రెంటి నడుమ, నెయ్‌గువాన్ ఉంటుంది.

కొలత మాత్రం నీ వేళ్ళతోనే తీసుకోవాలి, నావాటితో కాదు. చైనావాళ్ళ కొలత పేరు చున్. ఎవరి బొటనవేలి వెడల్పు వాళ్ళకి ఒక చున్. మూరల లెక్కన మల్లెపూలు కొనే మనకి ఇందులో వింతేమీ లేదు. పూలామె మూర ఎప్పుడూ మన మూరకన్నా పొట్టిగానే ఉంటుంది, అది వేరే గొడవ!

బొటనవేలు అక్కడ ఆనించి, నొప్పి తెలిసీ తెలియనట్టు నొక్కు. గోరు గుచ్చకు. ఒకటి రెండు నిమిషాలు చాలు, తరవాత రెండో చెయ్యి. నొక్కుతూ ఊపిరి సంగతి మరిచిపోకు. నాలుగు అంకెలు లెక్కపెడుతూ లోపలికి, ఆరు అంకెలు లెక్కపెడుతూ బయటికి, నిమిషానికి ఆరేడు సార్లు. కోపమో భయమో పట్టుకున్నప్పుడు అడ్రినలిన్ ఎగజిమ్ముతుంది, గుండె పరుగెడుతుంది, ఊపిరి పైపైనే ఆడుతుంది. నెమ్మదిగా, పొడుగ్గా ఊపిరి వదిలినప్పుడు వేగస్ అనే నాడి గుండెకి కళ్ళెం వేస్తుంది. నన్నడిగితే ఈ పద్ధతిలో మనకి దక్కే హాయిలో సగం పైన ఈ ఊపిరిదే. మిగతాది, చిందరవందరగా ఉన్న మనసుకి వేలి కింద ఒక చోటు దొరకడం.

అదే గీత మీద చిటికెన వేలు వైపు చివర, ఎముక పక్కన చిన్న పల్లం తగులుతుంది. దాని పేరు షెన్‌మెన్. రాత్రి నిద్ర పట్టక పైకప్పు చూస్తూ పడుకున్నప్పుడు దాన్ని నొక్కుకో. బస్సులో నిలబడి ఉన్నా, ఆఫీసు మీటింగులో బల్ల కింద అయినా ఎవరికీ తెలియకుండా చేసుకోవచ్చు. ఎగ్జిబిషన్లలో అమ్మే ముళ్ళ చెప్పులూ స్ప్రింగు ఉంగరాలూ కొనకు. నీ బొటనవేలు ఊరికే వచ్చింది.

ఇది నిజంగా పనిచేస్తుందా అంటావు. ఉన్నమాట చెప్తాను. వికారం, వాంతుల విషయంలో నెయ్‌గువాన్‌కి గట్టి పేరే ఉంది. ఆపరేషన్ తరవాత వచ్చే వాంతుల మీద జరిగిన 59 పరీక్షలని, అంటే 7,667 మందిని, కాక్రేన్ సంస్థ 2015లో ఒకచోట చేర్చి చూసింది. సూదితోనో బ్యాండుతోనో వేలితోనో ఆ చోటుని ప్రేరేపించినవాళ్ళకి, ఉత్తుత్తి చికిత్స పొందినవాళ్ళ కంటే వికారం తగ్గింది. మనసు గాభరా దగ్గరికి వచ్చేసరికి ఆధారాలు అంత గట్టివి కావు. ఆపరేషన్‌కి ముందు భయపడేవాళ్ళకి యిన్‌టాంగ్ నొక్కి చూసిన చిన్న చిన్న పరీక్షల్లో కొంత నెమ్మది కనిపించింది. ఉత్తుత్తి చోటు నొక్కినా కొందరికి హాయిగానే ఉంటుంది. అందుకే చుక్క అరంగుళం అటో ఇటో పడిందని మళ్ళీ దానికో టెన్షన్ పెట్టుకోకు.

ఈ విద్య మన దేశానికి వచ్చిన దారి మాత్రం నాకు ముచ్చటేస్తుంది. 1938లో యుద్ధంలో ఉన్న చైనాకి మనవాళ్ళు ఐదుగురు డాక్టర్లని పంపారు. వాళ్ళలో షోలాపూర్ కోట్నీస్ పేరు అందరూ విన్నదే. ఆయనతో పాటు వెళ్ళిన కలకత్తా డాక్టరు విజయ్ కుమార్ బసు, 1950ల చివర్లో మళ్ళీ చైనా వెళ్ళి ఆక్యుపంక్చర్ నేర్చుకుని వచ్చి ఇక్కడ మొదలుపెట్టారు. అమెరికావాళ్ళు దీన్ని పట్టించుకున్నది 1971లో, జేమ్స్ రెస్టన్ అనే విలేకరి పెకింగ్‌లో అపెండిక్స్ తీయించుకుని, తరవాతి ఇబ్బందికి సూదులు వేయించుకున్న సంగతి న్యూయార్క్ టైమ్స్‌లో రాశాక.

ఇప్పుడు దగ్గరికి రా, అసలు మాట చెప్తాను. పొంగుతున్న పాల మీద నాలుగు చుక్కలు నీళ్ళు చిలకరిస్తే పొంగు దిగుతుంది, కింద స్టవ్ వెలుగుతూనే ఉంటుంది. మణికట్టు నొక్కడం ఆ నీళ్ళ పాటిదే. నోటికొచ్చింది అనేయకుండా, చేతిలోది విసిరేయకుండా ఆ ఐదు నిమిషాలు దాటిస్తుంది. చెయ్యాల్సిన పని దాని తరవాత ఉంది. ఆఫీసులో పదిమందిలో చులకన చేసినవాడితో, ఇంట్లో పనంతా నీ నెత్తిన వేసి టీవీ ముందు కూర్చున్నవాడితో, గొంతు వణకకుండా మాట్లాడాలి. ఆడవాళ్ళకి ఓర్చుకునే చిట్కాలు చెప్పేవాళ్ళకి మన ఊళ్ళల్లో కొదవ లేదు. కొందరు మగవాళ్ళు ఇది చదివి "ఇదేదో బాగుంది, కోపం వస్తే నొక్కుకో" అంటారు కూడా. అన్నవాళ్ళ చేతికి ఈ కాగితం ఇచ్చి రాత్రి అంట్లు వాళ్ళనే తోమమను. ఇంట్లో చెయ్యి చేసుకునే మనిషి ఉంటే మాత్రం మణికట్టు వదిలేసి 181కి ఫోన్ చెయ్యి.

గర్భంతో ఉన్నవాళ్ళు కొన్ని చోట్లు తాకకూడదని ఆక్యుప్రెషర్ వైద్యులే చెప్తారు. బొటనవేలు, చూపుడువేలు కలిసే కండ ఒకటి, చీలమండకి లోపలి వైపు నాలుగు వేళ్ళ పైది ఒకటి, మెడకీ భుజానికీ నడుమ భుజం మీదిది ఒకటి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళూ ఎముకలు గుల్లబారినవాళ్ళూ గట్టిగా నొక్కకూడదు.

ఇంకొకటి. గుండె దడ అన్నదల్లా టెన్షన్ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. రక్తం తక్కువైనా, థైరాయిడ్ ఎక్కువైనా గుండె దడదడలాడుతుంది, చేతులు వణుకుతాయి, చిరాకు పుడుతుంది. ఏళ్ళ తరబడి టెన్షన్ అనుకుని సర్దుకుపోయేవాళ్ళు ఎందరో. ఒక్కసారి హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ పరీక్షలు చేయించుకో. ఛాతీలో బరువు, చెమటలు, దవడకో వీపుకో పాకే నొప్పి, ఊపిరాడకపోవడం, ఇవి కనిపిస్తే చుక్కలు వెతుకుతూ కూర్చోవద్దు. ఆడవాళ్ళకి గుండెపోటు ఛాతీనొప్పి లేకుండా ఒట్టి వికారంగా, నీరసంగా కూడా రావచ్చు. వెంటనే 108కి ఫోన్ చెయ్యి.

రోజుల తరబడి ఏడుపు ఆగకపోయినా, నిద్ర, తిండి పోయినా, బతకడం దేనికి అనిపించినా టెలి మానస్ ఉంది. 2022 నుంచీ ప్రభుత్వమే నడుపుతోంది. పగలూ రాత్రీ తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. నంబరు 14416. ఇప్పుడే ఫోన్ తీసి రాసి పెట్టుకో. నీకు అక్కర్లేకపోయినా పక్కింటావిడకి పనికొస్తుంది.