క్రొత్త తలపు, పాత వృత్తి: ఆసుయంత్రము నేర్పు పాఠము

గ్రామములలో వృత్తులు రెండు విధములు. తరతరములుగా నిలిచి పేరును, కొనుగోలుదారులను సంపాదించుకొన్నవి కొన్ని. ఒక వ్యక్తి క్రొత్త తలపుతో, స్వల్ప పెట్టుబడితో ఆరంభించునవి మరికొన్ని. నవకల్పన రెండింటికిని అవసరమే; కాని అవి నడువవలసిన మార్గములు వేరు. పోచంపల్లి నేతసీమ అనుభవము ఈ భేదమును చక్కగా విశదపరచును.

చిటికి పట్టుచీరను నేయుటకు ముందు ఆసుపోయుట యను పని కలదు. అర్ధచంద్రాకారముగా అమర్చిన మేకులకు పోగును మరల మరల చుట్టవలెను. ఒక్క చీరకు చేయి సుమారు 9,000 పర్యాయములు అటునిటు కదలవలెను. ఈ శ్రమ అధికముగా స్త్రీలది. దినమునకు రెండు చీరలకు మించి పోయుట కష్టము. భుజముల నొప్పి తప్పదు.

ఆలేరు ప్రాంతమునందలి శారాజీపేటకు చెందిన శ్రీ చింతకింది మల్లేశము 6వ తరగతితో చదువు మానిన నేతకారుడు. తల్లి పడుచున్న బాధను చూచి వారు 1992లో యంత్రనిర్మాణమునకు పూనుకొనిరి. 1999లో అది సిద్ధించినది. గంటల తరబడి సాగు పని సుమారు గంటన్నరలో ముగియసాగెను. తల్లి పేరిట దానికి ‘లక్ష్మీ ఆసుయంత్రము’ అని నామకరణము చేసిరి. 2017లో భారత ప్రభుత్వము వారిని పద్మశ్రీతో గౌరవించినది.

క్రొత్తగా ఆరంభించువారికి ఇందు మూడు పాఠములు కలవు. మొదటిది, యంత్రముతో గాక ఇబ్బందితో ఆలోచన ఆరంభించుట. రెండవది, చేతనున్న సొమ్ముకు తగినట్లు ఒక్కొక్క భాగమును సాధించుచు పోవుట. మూడవది, పనిచేయువారి చేతనే పరీక్షింపజేయుట.

నిలద్రొక్కుకొన్న వృత్తికి చిక్కు వేరు. నేటి ఆదాయము చెడునను భయమున అది మార్పును వాయిదా వేయును. తేలియా రుమాళ్లకు గిరాకి తగ్గినపుడు నేతగాండ్రు చిటికి విద్యను విడువలేదు. దానిని చీరలకు, పట్టునకు మరల్చిరి. 2005 నాటికి పోచంపల్లి ఇకత్‌కు భౌగోళిక గుర్తింపు లభించినది. ఆసుయంత్రము సైతము నేతకు ముందరి శ్రమను తగ్గించినదే గాని చేమగ్గమును తొలగింపలేదు. దేనిని మార్చవలెను, దేనిని కాపాడవలెను అను వివేకమే పాత సంస్థకు ప్రాణము. వచ్చిన లాభములో కొంత భాగమును ప్రయోగములకై వేరుగా నుంచుట దానికి క్షేమము.

పంచాయతీ సభ్యులు చేయదగిన పనులివి:

1. గ్రామమున ఏ వృత్తిలో ఏ పని దేహమును అధికముగా బాధించుచున్నదో గ్రామసభలో విచారింపవలెను.

2. ప్రయోగము చేయువానిని పరిహసింపక, వీలైన చోట స్థలమును, విద్యుత్ సదుపాయమును సమకూర్చవలెను.

3. యోగ్యమైన నూతన సాధనము కనిపించినచో గాంధీనగరము కేంద్రముగా గల జాతీయ నవకల్పన ప్రతిష్ఠానమునకు తెలుపవలెను. సామాన్యుల ఆవిష్కరణలను గుర్తించి, వానికి పేటెంటు మున్నగు తోడ్పాటు కల్పించుట ఆ సంస్థ పని.

4. యంత్రము వచ్చినపుడు ఎవరి శ్రమ తగ్గును, ఎవరి కూలి పోవును అని ముందుగనే ప్రశ్నింపవలెను. కూలికి ఆసుపోయు స్త్రీకి ఆ యంత్రమును నడుపుట నేర్పినచో అది ఆమెకు వరమగును. నేర్పనిచో ఆమె జీవనమునకే ముప్పు వాటిల్లును.

ఏడేండ్ల పట్టుదల ఒక్క ఇంటి బాధనుండి పుట్టినది. అట్టి బాధ మన గ్రామమున ఏ ఇంటనున్నదో కనుగొనుట సభ్యుల ప్రథమ కర్తవ్యము.