తెరమీది మానసిక చికిత్స

ప్రశ్న: యానాం నుండి పుదుచ్చేరికి ఉద్యోగానికి వచ్చాను. తెలుగు థెరపిస్టుతో వీడియోలో చికిత్స మొదలుపెట్టాలనుకుంటున్నాను. ఏమి జరుగుతుంది?

జవాబు: అమ్మా, పుదుచ్చేరి జిప్మర్ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగమున్నను, తమిళము వ్యవహారభాషయైన నగరమున తెలుగులో మనసు విప్పగోరుట సహజమే; ఇంటినుండియే హైదరాబాదు నిపుణుని సంప్రదించుట మీకనుకూలము. అయితే, క్లినికల్ సైకాలజిస్టునని చెప్పుకొనువారిని రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నమోదు సంఖ్య అడుగుటకు సంకోచింపకుడు. అడిగినందుకు చిన్నబుచ్చుకొనువారిని విడిచిపెట్టుటయే మేలు.

మొదటి సమావేశము చాలవరకు పరిచయమునకే చెల్లును: నిద్ర, ఆకలి, కుటుంబము, పూర్వచికిత్సలు, ఆత్మహత్యాభావములు కలవా యను ప్రశ్న, రుసుము, గోప్యతకు గల హద్దులు, ఆపత్సమయమున పిలువదగిన బంధువు పేరు, ఇవన్నియు అందు ప్రస్తావనకు వచ్చును గనుక, ఆనాడే ఉపశమనము కలుగునని ఆశింపరాదు. మందులు అవసరమైనచో సైకియాట్రిస్టు వేరుగా చూడవలసియుండును. వీడియోలో వైద్యులు మందులు వ్రాయుటకు 2020 నాటి టెలిమెడిసిన్ మార్గదర్శకములు కొన్ని పరిమితులు విధించినవి.

ఇరుకిండ్లలో ఏకాంతము దుర్లభము. ఇయర్‌ఫోను పెట్టుకొన్నచో వారి మాట దాగును గాని, మీ మాట పక్కగదికి వినబడును గదా! ఇల్లు ఖాళీగానుండు వేళనే సమావేశము కోరుడు. వీడియో తెగినచో ఫోనులో కొనసాగించు ఏర్పాటు ముందే చేసికొనుడు. ప్రాణము తీసికొనవలెనను తలంపు కలిగినచో తదుపరి సమావేశమునకై వేచియుండక, 2022లో కేంద్రప్రభుత్వము నెలకొల్పిన టెలిమానస్ మానసిక సహాయవాణికి, 14416 నంబరున, రేయింబవళ్లు ఉచితముగా ఫోను చేయవచ్చును.