ఇంటి చీకటిగదిలో ఫిలిం ప్రాసెసర్: సంరక్షణ, లోపనిర్ణయం

డిజిటల్ చిత్రం చెడితే మరొకటి తీసుకోవచ్చు. ఫిలిం సంగతి అట్టిది కాదు. డెవలపర్‌లో తడిసిన ఫిలింను పూర్వస్థితికి తేవడం అసాధ్యం. పెళ్లి పందిరిలో తీసిన ముప్పైయారు చిత్రాలైనా, స్వగ్రామంలో తాతమ్మకు తీసిన ఒకే ఒక్క చిత్రమైనా, యంత్రంలో గడిచే ఆ కొద్ది నిమిషాలపైనే ఆధారపడి ఉంటుంది. నగరాలలో ఫిలిం కడిగే దుకాణాలు అరుదైపోయిన ఈ రోజులలో కొందరు ఔత్సాహికులు స్వయంచాలక ప్రాసెసర్‌ను ఇంటనే నిలుపుకొంటున్నారు. దానిని చక్కగా ఉంచుకొనే విధానము, లోపాన్ని కనిపెట్టే క్రమము, వాడిన ద్రవాల విషయంలో పౌరుని బాధ్యత ఈ పాఠంలోని అంశాలు.

1. యంత్రం పనిచేసే తీరు

గృహవినియోగంలో ప్రసిద్ధమైనవి జర్మనీకి చెందిన జోబో సంస్థ యంత్రాలు. సీపీఈ-2, సీపీపీ-2 అనేవి వాటిలో రెండు రకాలు. వీటిలో వేడినీటి తొట్టి, హీటర్, థర్మోస్టాట్, మోటారు ఉంటాయి. కాంతి చొరని ట్యాంకు నీటిలో అడ్డంగా పడుకొని, ఒకసారి ఇటు, మరొకసారి అటు తిరుగుతుంది. అందువలన కొద్దిపాటి ద్రవమే ఫిలిం అంతటినీ తడుపుతుంది. రెండు 35 మి.మీ. ఫిలింలు పట్టే 1520 రకం ట్యాంకుకు 240 మి.లీ. ద్రవం చాలును.

రంగుల నెగటివ్‌కు వాడే సీ-41 పద్ధతిలో డెవలపర్ 37.8 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉండాలి. కాలం 3 నిమిషాల 15 సెకన్లు. ఉష్ణోగ్రతలో తేడా 0.15 డిగ్రీని మించరాదు. నలుపు-తెలుపు ఫిలింకు సాధారణంగా 20 డిగ్రీలు ప్రమాణం. అయితే పలు గృహయంత్రాలు నీటిని వేడి చేయగలవే గాని చల్లబరచలేవు. చెన్నైలోనో యానాంలోనో వేసవిలో కుళాయి నీరే 30 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు మంచు నింపిన సీసాలను తొట్టిలో తేలవేయాలి. లేదా 24 డిగ్రీల వద్ద, ఫిలిం తయారీదారు పట్టికలో చెప్పిన కాలాన్ని పాటించాలి. అంతకన్నా వేడిగా ఉంటే డెవలప్ చేసే కాలం మిక్కిలి తగ్గిపోయి, ఫిలింపై మరకలు ఏర్పడవచ్చు.

2. నిత్య సంరక్షణ

పని ముగిసిన వెంటనే తొట్టిలోని నీటిని తీసివేసి, ఆరబెట్టాలి. నిలువ నీటిలో పాచి పడుతుంది. బోరుబావి నీరు వాడే ఇళ్లలో హీటర్‌పై సున్నపు పొర పేరుకుంటుంది. నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీటిని కొంతసేపు నిలిపి, తరువాత కడిగితే ఆ పొర వదులుతుంది. గీరడం తగదు. తొట్టిలో నీరు లేకుండా హీటర్‌ను ఎన్నడూ వేయరాదు.

రీళ్లు పూర్తిగా ఎండి ఉండాలి. తడి రీలుకు ఫిలిం అంటుకొని, మధ్యలో ఇరుక్కుంటుంది. తుది కడుగులో వాడే చెమ్మ ద్రవం రీళ్లపై జిగురుగా మిగులుతుంది కనుక, ఫిలింను రీలు నుండి తీసిన తరువాతనే ఆ ద్రవంలో ముంచాలి. ఆ ద్రవాన్ని శుద్ధజలంతో కలిపితే ఉప్పునీటి చుక్కల మచ్చలు పడవు.

యంత్రం సమతలంగా ఉన్నదో లేదో రసమట్టంతో చూడాలి. ఒకవైపు వాలితే ద్రవం ఆ వైపే చేరి, ఫిలిం ఒక అంచున ఎక్కువ, మరొక అంచున తక్కువ డెవలప్ అవుతుంది. థర్మోస్టాట్ గుర్తును మాత్రమే నమ్మరాదు. నమ్మకమైన థర్మామీటరును డెవలపర్ సీసాలోనే ఉంచి కొలవాలి.

3. లోపాన్ని కనిపెట్టే క్రమం

ప్రతి ఫిలిం అంచున తయారీదారు ముద్రించిన అంకెలు, అక్షరాలు ఉంటాయి. కెమెరాతో వాటికి సంబంధం లేదు. అందుచేత లోపనిర్ణయానికి అవే తొలి సాక్షులు.

అక్షరాలు స్పష్టంగా ఉండి చిత్రాలు మాత్రం పలుచగా ఉంటే, లోపం కెమెరాలోనో కాంతి కొలతలోనో ఉన్నది. అక్షరాలు కూడా పలుచబడితే డెవలపర్ పాతబడి ఉండవచ్చు. లేదా ఉష్ణోగ్రత, కాలం, పరిమాణాలలో ఏదో తగ్గి ఉండవచ్చు. అక్షరాలు సైతం లేక ఫిలిం అంతా తెల్లగా ఉంటే, డెవలపర్ పూర్తిగా నిర్వీర్యమైనదనో, ఫిక్సర్ ముందుగా పోయబడినదనో గ్రహించాలి.

ఫిలిం పాలవలె మసకగా ఉంటే ఫిక్సర్ చాలలేదు. తాజా ఫిక్సర్‌లో మరల ఉంచితే ఈ లోపం సవరించబడుతుంది. చారలు పడితే ట్యాంకు నిలిచిపోయిందో, దిశ మారకుండా తిరిగిందో పరిశీలించాలి.

ముందుజాగ్రత్తగా రెండు పరీక్షలు చాలును. వెలుతురులోనే ఫిలిం కొసముక్కను డెవలపర్‌లో వేస్తే కొద్ది నిమిషాలలో నల్లబడాలి. మరొక ముక్కను ఫిక్సర్‌లో వేసి, అది నిర్మలం కావడానికి పట్టే కాలాన్ని చూడాలి. తాజా ఫిక్సర్‌కు పట్టిన కాలానికి ఇది రెట్టింపైతే ఆ ఫిక్సర్‌ను మార్చాలి.

పని మధ్యలో విద్యుత్తు పోతే కంగారుపడనవసరం లేదు. తొట్టి నీరు కొన్ని నిమిషాలు వేడిని నిలుపుకొంటుంది. ట్యాంకును అదే నీటిలో చేతితో, దిశ మారుస్తూ తిప్పుతూ ఉండాలి.

4. విద్యుత్ భద్రత

నీరు, విద్యుత్తు ఒకే చోట చేరే యంత్రమిది. ఎర్తు గల మూడు పిన్నుల ప్లగ్గు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి. నీరు నింపేటప్పుడు, తీసేటప్పుడు ప్లగ్గును ఊడదీయాలి. విదేశం నుండి తెచ్చిన పాత యంత్రమైతే వోల్టేజి చీటీని చదవాలి. 110 వోల్టుల యంత్రాన్ని మన 230 వోల్టులకు నేరుగా తగిలించరాదు. లోపలి తీగల మరమ్మతు నిపుణునికే వదలాలి.

5. వాడిన ద్రవాలు

వాడిన ఫిక్సర్‌లో ఫిలిం నుండి కరిగిన వెండి ఉంటుంది. అది జలచరాలకు హానికరం. మురుగునీటి శుద్ధికి తోడ్పడే సూక్ష్మజీవులకూ కీడు చేయగలదు. వర్షపు నీటి కాలువలో పోసినది చెరువుకో సముద్రానికో నేరుగా చేరుతుంది. కనుక దానిని ప్లాస్టిక్ డబ్బాలో నిలువచేసి, ఎక్స్‌రే ఫిక్సర్ నుండి వెండి తీసేవారికి గాని, నగరపాలక సంస్థ సూచించిన ప్రమాదకర వ్యర్థాల సేకరణకు గాని అప్పగించాలి. బ్లీచింగ్ పొడితో కలపరాదు, విషవాయువు వెలువడుతుంది.

డబ్బాపై తెలుగుతోపాటు స్థానిక భాషలోనూ హెచ్చరిక వ్రాయాలి. ఇంటి పనిమనిషికి, పొరుగింటి పిల్లలకు కన్నడమో, తమిళమో, ఒడియానో మాత్రమే చదవడం రావచ్చు. వంటపాత్రలను, నీటి సీసాలను ఈ పనికి వాడరాదు.

మననం చేసుకోవలసిన ప్రశ్నలు

1. అంచు అక్షరాలు స్పష్టంగా ఉండి చిత్రాలు పలుచబడితే లోపం ఎక్కడ ఉన్నది?
2. యంత్రం ఒకవైపు వాలితే ఫిలింపై కనిపించే గుర్తు ఏది?
3. ఫిక్సర్‌ను మార్చవలసిన సమయాన్ని ఎట్లు తెలుసుకోవాలి?
4. మీ వీధిలోని వర్షపు కాలువ ఏ చెరువుకు, ఏ నదికి చేరుతున్నది?