మీరు లేకపోయినా పని నడవాలి

2012 ఆగస్టు 1. న్యూయార్క్ షేర్ మార్కెట్ తెరిచే వేళ. నైట్ క్యాపిటల్ అనే ట్రేడింగ్ సంస్థ అంతకుముందు కొన్ని రోజులుగా తన 8 సర్వర్లలో కొత్త కోడ్ ఎక్కిస్తూ వచ్చింది. మనుషులే చేత్తో ఎక్కించారు. ఏడింటిలో ఎక్కింది, ఒకటి మిగిలిపోయింది. సరిచూడడానికి రెండో మనిషి లేడు. మార్కెట్ తెరవగానే ఆ ఒక్క సర్వర్లో, ఏళ్ల క్రితమే వాడకం మానేసిన పాత కోడ్ లేచి ఆపకుండా ఆర్డర్లు పంపింది. సుమారు 45 నిమిషాల్లో నష్టం 44 కోట్ల డాలర్లు దాటింది. మరుసటి ఏడాదికి ఆ సంస్థ మరో సంస్థలో కలిసిపోయింది.

ఎవరో అజాగ్రత్తగా ఉన్నారని తీర్పు చెప్పి ఊరుకుంటే మనకు దక్కేదేమీ లేదు. ఒకే పనిని మళ్లీ మళ్లీ చేత్తో చేస్తే ఎంతటి సమర్థుడైనా ఏదో ఒకరోజు ఒకటి వదిలేస్తాడు. జ్ఞాపకం మీద నడిచే పనికి హామీ ఉండదు.

హైదరాబాద్‌లోనైనా డల్లాస్‌లోనైనా సర్వర్లు చూసుకునే మనవాళ్లలో ఒక గర్వం కనిపిస్తుంది: "ఆ సెటప్ సంగతి నాకొక్కడికే తెలుసు." అర్ధరాత్రి ఫోన్ రావడం, లేచి పని చక్కబెట్టడం, పొద్దున్నే మెచ్చుకోలు అందుకోవడం. ఇది సమర్థతలాగే కనిపిస్తుంది, కానీ అది మీ కాలికి మీరే వేసుకున్న సంకెల. పని తెలిసినవాడికి విలువ ఉంటుంది. దాన్ని పదిమందీ నడపగలిగేలా రాసిపెట్టినవాడికి అంతకు మించిన విలువ ఉంటుంది. ఆ స్థాయికి చేర్చే అలవాట్లు ఇవి.

1. ఎలా ఉండాలో రాయండి

1993లో ఓస్లో విశ్వవిద్యాలయంలో మార్క్ బర్గెస్ అనే భౌతికశాస్త్ర పరిశోధకుడు రకరకాల యునిక్స్ యంత్రాలను చూసుకుంటూ, ఒక్కోదానికి ఒక్కో స్క్రిప్టు రాయలేక విసిగిపోయాడు. యంత్రం చివరికి ఏ స్థితిలో ఉండాలో రాస్తే దాన్ని అక్కడికి చేర్చే సాధనాన్ని తయారు చేశాడు. అదే సీఎఫ్‌ఇంజిన్. తర్వాత వచ్చిన పప్పెట్, షెఫ్, సాల్ట్, 2012లో మైఖేల్ డిహాన్ మొదలుపెట్టిన ఆన్సిబుల్, అన్నీ ఆ దారిలోవే. ఆన్సిబుల్‌కైతే సర్వర్లలో ప్రత్యేకంగా ఏజెంటు కూడా అక్కర్లేదు. ఎస్‌ఎస్‌హెచ్, పైథాన్ ఉంటే సాధారణంగా చాలు. ఫలానా ప్యాకేజీ ఉండాలి, ఫలానా సర్వీసు నడుస్తూ ఉండాలి అని ప్లేబుక్ అనే ఫైలులో రాస్తారు. ఇలా రాయడానికి కూర్చుంటే మీకే స్పష్టత వస్తుంది. ఏం కావాలో తేల్చుకోనివాళ్లే కమాండ్ మీద కమాండ్ కొడుతూ పోతారు.

2. రెండోసారి నడిపినా చెడకూడదు

"పులుసులో ఉప్పు వెయ్యి" అని ఇద్దరికి చెబితే ఇద్దరూ వేస్తారు. "రుచి చూసి, తక్కువైతేనే వెయ్యి" అంటే పదిమందికి చెప్పినా పులుసు చెడదు. మంచి ప్లేబుక్ కూడా ఇంతే. ఫైలు చివర ఒక లైను చేర్చే షెల్ స్క్రిప్టును పదిసార్లు నడిపితే పది లైన్లు చేరతాయి. ఆ పనికే ఉన్న ఆన్సిబుల్ మాడ్యూల్ వాడితే, లైను ముందే ఉన్నచోట దాన్ని ముట్టుకోదు. మీ పనికి మీరే పరీక్ష పెట్టుకోండి. ప్లేబుక్‌ను వెంటవెంటనే రెండుసార్లు నడపండి. రెండోసారి 'చేంజ్డ్' దగ్గర సున్నా రాకపోతే ఆ పని ఇంకా పూర్తికాలేదు.

3. తొందర వద్దు, వరస ముద్దు

ఆటోమేషన్ మీ తెలివిని ఎంత వేగంగా పంచుతుందో మీ తప్పునూ అంతే వేగంగా పంచుతుంది. అందుకే ముందు చెక్ మోడ్‌లో నడిపి, ఏం మారబోతుందో చూడండి. షెల్ కమాండ్లను అది మామూలుగా దాటేస్తుంది కాబట్టి దాన్ని ఒక్కదాన్నే నమ్మకండి. తర్వాత టెస్ట్ సర్వర్లో నడపండి, ఆపై అసలు సర్వర్లలో ఒక్కదాని మీద. ప్లేబుక్‌లో 'సీరియల్' పెడితే విడతలవారీగా వెళుతుంది. ఒక విడత బాగుందని తేలాకే రెండోదానికి వెళ్లండి. ధైర్యవంతుడికి తొందర ఉండదు.

4. కంగారులో దొడ్డిదారి తొక్కకండి

నైట్ క్యాపిటల్ కథలో అసలు పాఠం ఇంకొకటుంది. గండం నుంచి బయటపడదామని వాళ్లు సరిగ్గా ఉన్న 7 సర్వర్లలోంచి కొత్త కోడ్‌ను తీసేశారు. దాంతో వాటిలోనూ పాత కోడ్ లేచింది. కంగారులో చెయ్యి ముందు కదులుతుంది, బుద్ధి వెనక వస్తుంది. అందుకే వెనక్కి రావడమెలాగో ప్రశాంతంగా ఉన్నప్పుడే రాసి, నడిపి చూసి పెట్టుకోండి. "ఈ ఒక్కసారికి" అంటూ సర్వర్లోకి దూరి చేత్తో ఫైలు మార్చకండి. పప్పెట్ ఏజెంటు మామూలుగా ప్రతి 30 నిమిషాలకు ఒకసారి వచ్చి, తనకు అప్పగించిన ఫైళ్లలో అలాంటి మార్పులను చెరిపేస్తుంది. ఆ క్రమశిక్షణ మనమూ అలవరచుకోవాలి. మార్పు ఏదైనా ముందు గిట్‌లోకి ఎక్కాలి, మరొకరి కంట పడాలి, ఆ తర్వాతే సర్వర్లోకి వెళ్లాలి. పాస్‌వర్డులు మాత్రం ఆన్సిబుల్ వాల్ట్ లాంటి చోట తాళం వేసి పెట్టండి.

5. కుర్చీ పోతుందని భయపడకండి

"అంతా రాసిచ్చేస్తే ఇక నాతో పనేముంటుంది?" చాలామంది పైకి అనని మాట ఇది. ఒకసారి ఎదటివైపు నుంచి చూడండి. ఒక మనిషి లేకపోతే ఆగిపోయే పనిలోంచి ఆ మనిషిని పై మెట్టుకు పంపడానికి ఏ మేనేజరూ సాహసించడు. మీ స్థానంలో ఇంకొకరు నిలబడగలిగినప్పుడే మీకు కొత్త బాధ్యత దొరుకుతుంది, నిశ్చింతగా సెలవు దొరుకుతుంది.

ఈ వారమే మొదలుపెట్టండి. మీరు ఎక్కువసార్లు చేత్తో చేస్తున్న ఇన్‌స్టలేషన్ ఒక్కటి ఎంచుకుని ప్లేబుక్‌గా రాయండి. దాన్ని మీ టీమ్‌లో అందరికన్నా కొత్తవాళ్లకిచ్చి, టెస్ట్ సర్వర్ మీద నడపమనండి. పక్కనే కూర్చోండి, నోరు విప్పకండి. వాళ్లు ఎక్కడ ఆగి మీ ముఖం చూస్తారో, మీరు రాయాల్సిన తర్వాతి లైను అదే.