వెనుక కూర్చున్న తలకూ హెల్మెట్



ఆదివారం పూజ ముగిశాక గుడి ఆవరణలో తరచు కనిపించే దృశ్యమిది. భర్త హెల్మెట్ పెట్టుకొని బండి తీస్తాడు. వెనుక భార్య, మధ్యలో ఐదేళ్ల బిడ్డ ఒట్టి తలలతో కూర్చుంటారు. బండి పడితే ముగ్గురూ పడతారు కదా! మరి రక్షణ ఒక్కరికేనా?

2022లో మన దేశంలో హెల్మెట్ లేక ప్రమాదాల్లో మరణించినవారు 50,029 మంది. వారిలో 14,337 మంది వెనుక కూర్చున్నవారే.

హెల్మెట్ చేసే పని ఏమిటి? తల నేలకు తగిలినప్పుడు లోపలి థర్మోకోల్ పొర తాను నలిగి, దెబ్బ తీవ్రతను తగ్గిస్తుంది. అనేక అధ్యయనాలను కలిపి చూసిన 2008 నాటి సమీక్ష ప్రకారం, హెల్మెట్ వల్ల తలగాయం ముప్పు 69 శాతం, మరణం ముప్పు 42 శాతం తగ్గుతాయి.

ఇక ఖర్చు సంగతి. ఐఎస్ఐ గుర్తున్న హెల్మెట్ వెయ్యి రూపాయల చుట్టుపక్కల దొరుకుతుంది. మెదడుకు దెబ్బ తగిలితే స్కానింగు, ఆపరేషను, నెలల తరబడి మందులు. సంపాదించే మనిషి మంచాన పడితే, చూసుకొనే మనిషి కూలి మానుకోవాలి. ఆ భారం చివరకు పిల్లల చదువు మీద పడుతుంది.

"దగ్గరికే కదా ఫాదర్" అంటారు. దెబ్బకు దగ్గర, దూరం తెలియదు. చట్టం కూడా నాలుగేళ్లు దాటిన బిడ్డకు సైతం హెల్మెట్ ఉండాలంటుంది.

కనుక ఈ నెల ఇంటి ఖర్చులో రెండో హెల్మెట్‌ను, బిడ్డకు సరిపోయే చిన్నదాన్ని చేర్చండి. గడ్డం కింద పట్టీ బిగించడం మరువకండి. పట్టీ లేని హెల్మెట్ తలకంటే ముందే ఎగిరిపోతుంది.