కరపత్రం చెప్పే చరిత్ర
(టూరింగు టాకీసుల ప్రకటన పత్రాలు – ఒక పరిశీలన)

చరిత్ర అనగానే మన విద్యార్థులకు పెనుకొండ కోట, గుత్తి దుర్గం, లేపాక్షి శిల్పం స్మరణకు వస్తాయి. రాతిపై చెక్కిన శాసనాన్ని కాపాడుటకు పురావస్తు శాఖ ఉన్నది. కాని పలుచని రంగుకాగితంపై అచ్చొత్తి, ఎద్దులబండి మీదనుండి వీధిలోకి విసిరివేసిన కరపత్రానికి దిక్కెవరు? అట్టి అనాథ పత్రాలను గూర్చి ఈ వ్యాసంలో ముచ్చటించదలచినాము.

మన అనంతపురం మెట్టసీమలో సంవత్సరానికి సగటున కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. వేరుశెనగ పండిననాడు చేతిలో నాలుగు డబ్బులు, ఎండిననాడు వలస. ఇటువంటి పల్లెసీమలో శాశ్వతమైన సినిమాహాలు కట్టుటకు ముందుకు వచ్చేవారు అరుదు. ఆ లోటును తీర్చినవి టూరింగు టాకీసులు. బాటప్రక్కన డేరా వేసి, సాధారణంగా ఒకే యంత్రంతో బొమ్మ ఆడించేవారు. రీళ్ళు మార్చవలసి వచ్చినప్పుడల్లా విశ్రాంతి. నేల, బెంచీ, కుర్చీ అని తరగతులు. ఘంటసాల పాడిన వేంకటేశ్వరస్వామి పాట మైకులో వినబడితే ఆట మొదలు కానున్నదని చుట్టుపట్ల పల్లెలకు గుర్తు. 1980వ దశకంలో టీవీ, వీడియో పల్లెలకు చేరిన తరువాత ఈ డేరాలు క్రమంగా అంతరించినవి. మిగిలినవి గోడపత్రికలు, పాటల పుస్తకాలు, కరపత్రాలు మాత్రమే.

ఈ సంచార ప్రదర్శనల వెనుక గొప్ప సాహసగాథలున్నాయి. అబ్దులలీ ఇసూఫలీ (1884–1957) అను ప్రదర్శకుడు 1901 నుండి 1907 వరకు ఆగ్నేయాసియా దేశాలలోను, 1908 నుండి 1914 వరకు భారతదేశంలోను డేరా సినిమాలు ఆడించినాడు. తరువాత ఆయన అర్దేషిర్ ఇరానీకి వ్యాపార భాగస్వామి అయినాడు. ఆ ఇరానీయే 1931లో మన దేశపు తొలి టాకీ ‘ఆలం ఆరా’ను తీసినాడు. తెలుగువారిలో రఘుపతి వెంకయ్య గారు ఈ బాటలో తొలి పథికులు.

ఇక కరపత్రాన్ని చదివే పద్ధతిని చూతము. ‘వచ్చే శుక్రవారము’ అని ఉంటుందేగాని సంవత్సరం తరచుగా ఉండదు. కాలనిర్ణయం చేయుట ఎట్లు?

మొదటి ఆధారం చిత్రం పేరు. మన తాడిపత్రిలో జన్మించిన కె.వి. రెడ్డి గారి ‘పాతాళభైరవి’ 1951లో విడుదలైనది. కనుక ఆ చిత్రపు కరపత్రం అంతకుముందుది కాజాలదు. అయితే డేరాలకు చిత్రాలు ఏండ్లు గడచిన తరువాత కూడ వచ్చేవి. కావున ఇది పూర్వపు హద్దును మాత్రమే చెప్పగలదు.

రెండవది టిక్కెట్టు ధర. మన దేశంలో దశాంశ నాణెములు 1957 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చినవి. 1964 జూన్ వరకు వాటిని ‘నయాపైసలు’ అన్నారు. ధర అణాలలో ఉంటే 1957కు ముందుదని, నయాపైసలలో ఉంటే ఆ ఏడేండ్ల నాటిదని ఊహింపవచ్చును. కాని జనుల అలవాటు చట్టంకన్న మందగమనం గలది. అందుచే ఒక్క సాక్ష్యంతో తీర్పు చెప్పరాదు.

మూడవది అడుగున చిన్న అక్షరాలలో ఉండే ముద్రణాలయం పేరు. అచ్చయిన ప్రతి పుస్తకంపైన, పత్రంపైన ముద్రాపకుని పేరు, ముద్రణస్థలం ఉండవలెనని 1867 నాటి చట్టం శాసించినది. 2024 మార్చిలో కొత్త చట్టం దాని స్థానంలోకి వచ్చినది. మన పల్లెలో పంచిన పత్రం బళ్ళారిలో అచ్చయినదని తెలిస్తే, 1953 అక్టోబరు 1న ఆ పట్టణం మైసూరు రాష్ట్రంలో చేరినను వ్యాపారబంధం తెగలేదా అన్న ప్రశ్న పుట్టును.

నాలుగవది సమాజం. ‘ఘోషా స్త్రీలకు ప్రత్యేక స్థలము గలదు’ అన్న పంక్తి పాత ప్రకటనలలో కనిపిస్తుంది. ఘోషా పాటించినవి మా మహమ్మదీయ కుటుంబాలు మాత్రమే కావు. గడప దాటని స్త్రీలు సైతం తన ప్రేక్షకులని డేరా యజమాని గుర్తించినాడని ఈ పంక్తి సాక్ష్యమిస్తున్నది. అయితే ప్రకటన అమ్మకం కొరకు వ్రాసినది. ‘విజయవంతమైన రెండవ వారము’ అని ఉన్నంతమాత్రాన డేరా నిండినదని నమ్మరాదు.

ఇక్కడ మా పొరపాటు ఒకటి చెప్పవలసియున్నది. ఒకనాడు మా విద్యార్థి ఒకడు వాళ్ళ జేజినాయన టంకుపెట్టెలోని నాలుగు కరపత్రాలను తెచ్చి చూపినాడు. ఇంటివద్ద ఇంకా ఒక కట్ట ఉన్నదన్నాడు. ‘పరీక్షలు కానిమ్ము, తరువాత చూతము’ అన్నాము. పరీక్షలైనవి. ఆ లోపల ఇల్లు సర్దుతూ పెట్టెలోని కాగితాలన్నిటిని పాతసామానుల వానికి తూకానికి ఇచ్చివేసినారు. మిగిలినవి ఆ నాలుగే. చరిత్ర బోధించే మాటలు ఎన్నో చెప్పే మేము, అది గడపవద్దకు వచ్చినప్పుడు ఆగమన్నాము.

పుణేలో 1964లో నెలకొన్న జాతీయ చలనచిత్ర భాండాగారం గోడపత్రికలను, పాటల పుస్తకాలను సేకరించినది. కాని మన ఊరి కరపత్రాన్ని మన ఊరివారే వెదకవలెను. కళాశాల కార్యవర్గం వారు గ్రంథాలయంలో ఒక బీరువాను, ఒక రిజిస్టరును ఇందుకు కేటాయింపవలెనని మనవి. ఇచ్చినవారి పేరు, దొరికిన ఊరు, తేది వ్రాయవలెను. పత్రాలకు గమ్ముటేపు అంటింపరాదు, ఎండ తగలనీయరాదు. తెల్లకాగితాల మధ్య మడతలేకుండా ఉంచవలెను.

విద్యార్థులారా! ఈ సెలవులలో ఇంటికి పోయినప్పుడు పెద్దల పెట్టెలు వారి అనుమతితో తెరచి చూడండి. కాగితం దొరకకున్న, డేరాలో నేలపై కూర్చున్నవారి జ్ఞాపకమైనను వ్రాసుకొని రండి. ఈసారి ఆగమని చెప్పము.