భివండి నుండి జగిత్యాలకు

61వ జాతీయ రహదారి మన భివండి చెంత మొదలై జగిత్యాల చెంత ముగియును. శాంతి నగరమున మరమగ్గముల చప్పుడు నడుమ పెరుగు విద్యార్థులలో ఈ సంగతి ఎందరెరుగుదురు? ఉమ్మడి కరీంనగర్ జిల్లా నుండి వచ్చిన నేత కుటుంబములు మన ఊరిలో మెండు. ఈ దారి చివర నున్నది వారి సీమయే.

సాయంకాలము బస్సెక్కినచో మాల్షేజ్ కనుమ చీకటిలోనే గడచిపోవును, అది నష్టమే. అహమద్‌నగర్ (2024 నుండి అహిల్యానగర్), పర్భణీ, నాందేడ్ వెనుకబడును. భైంసాలో అంగళ్లపై తెలుగు అక్షరములు కానవచ్చును. ఖానాపూర్ దాటినంతనే గోదావరి. ఆవలి ఒడ్డు జగిత్యాల జిల్లా.

అటుపై వరి పొలములు. పూర్వము ఇచట చెరువులు, బావులే ఆధారము. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరామసాగరము నుండి పిదప కాకతీయ కాలువ నీరు తెచ్చెను. మగ్గముపై పోగు తెగినచో క్షణములో అతుకు మన పిల్లలు వరి పిలకను గుర్తింపలేరు. అట్టివారు పట్టణము చెంతనున్న పొలాస వ్యవసాయ పరిశోధన స్థానమును తప్పక చూడవలెను. ఉల్లికోడు పురుగు సోకిన పిలక ఉల్లికాడవలె గొట్టమై, వెన్ను వేయదు. ఆ పురుగును తట్టుకొను సన్నవరిని అచటివారు రూపొందించిరి. దాని పేరు ‘జగిత్యాల సన్నాలు’. వేసవిలో పోవువారు చల్‌గల్ మామిడి మార్కెట్టును కూడ చూచి రావచ్చును.